రావులపాలెం దగ్గర ఆగిన ఎలుగుబంట్ల లారీ: అది హింసేనా?

మాస్టారూ, ముందు మీ ప్రశ్న ఇంకోసారి చెబుతాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. పోయిన వారం రాత్రి పదిన్నరకి రావులపాలెం దగ్గర హైవే పక్క టీ కొట్టు ముందు ఒక లారీ ఆగింది. టార్పాలిన్ కింద రెండు ఇనుప బోనులు, ఒక్కోదాంట్లో ఒక్కో ఎలుగుబంటి. ఒక జూ నుంచి ఇంకో జూలో కట్టిన కొత్త ఎన్‌క్లోజర్‌కి తీసుకెళ్తున్నామని లారీ వాళ్లు చెప్పారు. అందులో ఒకటి తల అటూ ఇటూ ఊపుతూనే ఉంది. ఎవరో వీడియో తీశారు, తెల్లారేసరికి ఊరంతా చూసింది. 'మూగజీవాన్ని ఇలా హింసిస్తారా, జూలన్నీ మూసేయాలి' అని సగం మంది, 'వేళకి తిండి, డాక్టరు, అడవిలో ఇంత సుఖం ఎక్కడుంది' అని మిగతా సగం. క్లాసులో పిల్లలు అడిగితే మీకు ఏం చెప్పాలో తోచలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక జూలో పనిచేసి రిటైరయ్యాను. యానిమల్ కీపర్‌గా చేరాను, హెడ్ కీపర్‌గా దిగాను. అందులో పద్నాలుగేళ్లు ఎలుగుల దగ్గరే. ఇప్పుడు కొత్తపేట దగ్గర మా ఊళ్లో కొబ్బరి చెట్లూ రెండు గేదెలూ చూసుకుంటున్నాను. జూ పేరు రాయను. మా తప్పులు కూడా చెప్పాల్సి వస్తుంది, అవి ఒక్క మా జూ తప్పులే అనుకోకూడదు.

సూటిగా చెప్పాలంటే, ఆ వీడియో చూసి హింస జరిగిందనీ చెప్పలేం, జరగలేదనీ చెప్పలేం. ఆ ఎలుగు బోనులోకి ఎలా ఎక్కింది, దిగాక దాని రోజు ఎలా గడుస్తోంది అన్నవి తెలియాలి. వీడియోలో ఆ రెండూ ఉండవు.

తల ఊపడం సంగతి ముందు చూద్దాం. తిరిగిన చోటే తిరగడం, తల ఒకే లెక్కన ఊపడం, పంజా గంటల తరబడి చప్పరించడం, వీటిని జూ డాక్టర్లు స్టీరియోటైపీ అంటారు. గొలుసు వేసి కట్టేసిన ఏనుగు ఊగుతూ ఉండటం మీరు చూసే ఉంటారు, అదే ఇది. చేయడానికి పనేమీ లేని చోట ఏళ్ల తరబడి ఉంచితే పట్టుకుంటుంది. పట్టుకున్నాక చోటు మార్చినా తొందరగా వదలదు. కాబట్టి మీరు లారీలో చూసింది ఎప్పుడో పాత బోనులో తగిలిన దెబ్బ తాలూకు మచ్చ అయి ఉండొచ్చు. ప్రయాణపు భయం వేరేగా కనబడుతుంది. నోట్లో నురగ, వగర్పు, ఊచలు కొరకడం, గట్టిగా ఊపిరి వదులుతూ అరవడం. లేదా మూలకి ముడుచుకుని అసలు కదలకపోవడం. ఈ చివరిదానికే మేం ఎక్కువ భయపడేవాళ్లం. చూసేవాళ్లకి మాత్రం 'పాపం, బుద్ధిగా పడుకుంది' అనిపిస్తుంది.

చోటు మారితే జంతువుకి ఏమవుతుందో మన వైపు వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. పాత పాకలోంచి గేదెను కొత్త షెడ్డులోకి మార్చండి. ఫ్యాను పెట్టండి, కింద రబ్బరు మ్యాట్ వేయండి. అయినా రెండు మూడు రోజులు చేపు సరిగా రాదు. దూడని వదిలినా సరే, పాత గుంజ వైపే మెడ తిప్పి చూస్తూ ఉంటుంది. ఎలుగుకి ఇది అంతకు పదింతలు. దానికి చూపు అంతంతమాత్రం, బతుకంతా ముక్కు మీదే నడుస్తుంది. పాత గది గోడలకి దాని వాసన ఏళ్లుగా పట్టి ఉంటుంది. కొత్త ఎన్‌క్లోజర్ అంటే సిమెంటు, పెయింటు, ఎవడో తెలియని మేస్త్రీ చెమట. అందుకే తర్వాత్తర్వాత మేం పాత చోటి మొద్దుల్నీ, అది పడుకునే చెక్క బల్లనీ కడక్కుండా అలాగే తీసుకెళ్లి కొత్త గదిలో పెట్టేవాళ్లం. 'కొత్త బిల్డింగులో ఈ చెత్తేంటయ్యా' అని ఒక ఆఫీసరు గారు కోప్పడ్డారు కూడా. ఆయన వెళ్లేదాకా బయట పెట్టి, వెళ్లాక మళ్లీ లోపల పెట్టాం.

ఇంత తెలివి మొదటినుంచీ ఉందనుకోకండి. నేను చూసిన మొదటి షిఫ్టింగ్ 1991లో. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. అప్పటికి మా ఎలుగులు పాతకాలపు గుంతలో ఉండేవి. పైనుంచి జనం వంగి చూస్తారు, కింద సిమెంటు నేల, మధ్యలో ఎండిపోయిన ఒక మోడు. దాని బదులు చుట్టూ కందకం తవ్వి, చెట్లు ఉంచి, కొత్త ఎన్‌క్లోజర్ కట్టారు. చాలా మంచి పని. కానీ ప్రారంభానికి వచ్చే పెద్దాయన డేటు జూన్ మొదటి వారంలో దొరికింది. అంటే ఎలుగులు ఆలోపు కొత్త ఇంట్లో ఉండాలి. రోహిణి కార్తెలో, పొద్దున్న తొమ్మిదింటికే నేల కాలిపోతుంటే పని మొదలుపెట్టాం.

మగది పెద్దది. బరువు ఉజ్జాయింపుగా అనుకుని మత్తు సూది కొట్టారు. కెటమిన్, జైలజీన్ కలిపి ఇచ్చేవారు. ఇందులో జైలజీన్‌తో ఒక చిక్కుంది, ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే శక్తి జంతువుకి తగ్గిపోతుంది. పైగా నల్లటి దట్టమైన బొచ్చు, మే నెల ఎండ, చుట్టూ ముప్పై మంది కేకలు. మొదటి సూదికి పూర్తిగా పడలేదు, పరుగెత్తింది, గోడకి గుద్దుకుంది. రెండో సూది వేశారు. వలలో ఎత్తి బండి మీద పెట్టేసరికి ఒళ్లు పెనంలా ఉంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి చంకల్లో, తొడల్లో పెట్టాం, బిందెలతో నీళ్లు కుమ్మరించాం. డాక్టరు గారు చేయగలిగిందంతా చేశారు. దీపాలు పెట్టే వేళకి పోయింది. ఆడది బతికింది. పెద్దాయన వచ్చి రిబ్బన్ కత్తిరించి, దాన్ని చూసి చప్పట్లు కొట్టి వెళ్లారు.

ఆ రోజుల్లో సెంట్రల్ జూ అథారిటీ లేదు. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, 1992లో దాన్ని ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఏ జూకైనా దాని గుర్తింపు ఉండాలి. ఎలుగు షెడ్యూల్ 1 జంతువు, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోది, ఒక జూ నుంచి ఇంకో జూకి పంపాలంటే అథారిటీ అనుమతి ముందుగా తీసుకోవాలి. కాబట్టి ఆ లారీలో కాగితాలు ఉండి ఉంటాయి. అయితే కాగితం ఉన్నంత మాత్రాన ఎలుగు సుఖంగా ఎక్కిందని కాదు. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒకరి ప్రాణం తీసి, మరికొందరిని గాయపరిచిన ఎలుగును మత్తిచ్చి పట్టుకున్నాక అది చనిపోయింది. అడవిలో, జనం మధ్య, తరిమి తరిమి పట్టేటప్పుడు వేరే దారి ఉండదు. జూలో మాత్రం ఉంటుంది. జూ ఎలుగును తరిమి పట్టాల్సి వచ్చిందంటే ముందు నెలలన్నీ ఎవరో పని ఎగ్గొట్టారన్నమాట.

ఆ వేరే దారి ఏంటంటే, బోనుని ఎలుగుకి ఇంటి గదిలా అలవాటు చేయడం. 1991 తర్వాత మేం మార్చిన వాటిలో ఒక ఆడ ఎలుగుకి నలభై మూడు రోజులు పట్టింది. ప్రయాణపు బోనుని నైట్ హౌస్, అంటే రాత్రి ఉంచే గది, తలుపుకి ఆనించి, రెండువైపులా తలుపులు ఎత్తేసి పెట్టాం. మొదటి వారం దాని ఛాయలకే రాలేదు. తిండి గిన్నెను రోజుకి ఒక జానెడు చొప్పున బోను వైపు జరుపుతూ వచ్చాను. పన్నెండో రోజు ముందు కాళ్లు పెట్టి, పండు లాక్కుని వెనక్కి దూకింది. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే ఉన్న మీకు ఈ మాట నచ్చుతుంది: ఆవిడగారికి కర్పూర అరటిపండంటే లెక్కలేదు, చక్రకేళి పెడితేనే బోనులో కాలు పెట్టేది. మూడు వారాలకి ఒళ్లంతా లోపల పెట్టి తినడం మొదలుపెట్టింది. అప్పుడు తలుపు జారవిడిచాం. ఆ ఇనుప తలుపు చప్పుడే సగం ప్రాణం తీస్తుంది, అందుకని అంచులకి గోనెపట్టా చుట్టి, గాడికి నూనె రాశాం. దించడం, వెంటనే ఎత్తేయడం. తర్వాత పది లెక్కపెట్టేదాకా, తర్వాత తినడం అయ్యేదాకా. ఆ తర్వాత లారీని తెచ్చి పక్కన ఇంజను ఆన్‌లో పెట్టి అన్నం పెట్టాం. చివరికి జనవరిలో ఒక తెల్లవారుజామున తను నడిచి ఎక్కింది, మేం తలుపు దించాం, గొలుసు కప్పీతో ఎత్తాం. మత్తు సూది డాక్టరు గారి పెట్టెలోనే ఉండిపోయింది.

దీన్ని బట్టి మీ లారీని కాస్త లెక్క కట్టొచ్చు. రెండిటికి రెండు బోనులు, మంచిది. పైన టార్పాలిన్, చీకటి ఉంటే జంతువు కుదురుగా ఉంటుంది, మంచిది. చలికాలం రాత్రి ప్రయాణం, అదీ మంచిదే. బోను అంత ఇరుగ్గా ఉందేంటని మీవాళ్లు బాధపడ్డారన్నారు. ప్రయాణపు బోనుని కావాలనే అలా చేస్తారు. నిలబడటానికీ పడుకోవడానికీ వీలుండాలి గానీ, అంతకంటే విశాలంగా ఉంటే సడన్ బ్రేక్ పడినప్పుడు అది ఊచలకి కొట్టుకుని పళ్లూ గోళ్లూ విరగ్గొట్టుకుంటుంది. తప్పంటూ ఉంటే ఆ టీ కొట్టు దగ్గర ఆపడమే. నీళ్లు పెట్టడానికి ఆగాలి, నిజమే, కానీ జనం లేని చోట ఆగాలి. ఫోన్ లైట్లు ముఖం మీద వేసిన యాభై మందిదీ తప్పే. ఇంకోసారి అలాంటి లారీ కనబడితే మీ పిల్లలకి చెప్పండి, లైటు వేయొద్దు, దగ్గరికి వెళ్లొద్దు. బండిలో వెటర్నరీ డాక్టరు, దాన్ని ఎరిగిన కీపరు ఉన్నారా అని మాత్రం అడగొచ్చు. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

ఇక దిగాక ఏమైందన్న సంగతి. అసలు గొడవంతా ఇక్కడే.

మా చిన్నప్పుడు కోతలయ్యాక ఊళ్లోకి ఎలుగుబంటిని ఆడించేవాళ్లు వచ్చేవారు. దడుపు జ్వరం వస్తోందని మా అమ్మ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టించింది, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టింది. ఎలుగు మూతికి తాడు ఉండటం గుర్తుంది. ఆ తాడు ముక్కు ఎముక మీద కాల్చిన సూదితో గుచ్చిన రంధ్రంలోంచి వస్తుందని నాకు ఉద్యోగంలో చేరాకగానీ తెలియలేదు. 1998లో కేంద్రం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలతో ఆటలు ఆడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకి వెళ్లారు, 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వునే సమర్థించింది. ఎలుగుల్ని ఆడించే ఖలందర్లకి వేరే బతుకుతెరువు చూపించి, ఆ ఎలుగుల్ని ఆగ్రా, బన్నేరుఘట్ట లాంటి చోట్ల రెస్క్యూ కేంద్రాలకి చేర్చారు. 2009 నాటికి దాదాపు ఆ ఆట ముగిసింది.

అలాంటి ఎలుగు ఒకటి మా దగ్గరా ఉండేది. కోరపళ్లు విరగ్గొట్టి ఉన్నాయి, ముక్కు మీద మచ్చ. ముసలిది అనేవాళ్లం, నిజానికి అంత ముసలిది కాదు. మొదట దాన్ని చిన్న సిమెంటు గదిలో ఉంచారు. తర్వాత అరెకరం పైన కొత్త ఎన్‌క్లోజర్ వచ్చింది. చెట్లు నేనే కడియపులంక నర్సరీల్లో తిరిగి లారీకి ఎత్తించాను. నేరేడు, రావి, వెదురు. ఎలుగు గోళ్లకి నిలవాలి కదా, పూలమొక్కలు ఇస్తానన్న ఆయన్ని వద్దని పెద్ద మొక్కలే ఏరాను. మట్టి పోయించాం, సిమెంటుతో చెదపుట్టలా కట్టి బెజ్జాలు పెట్టించాం, వాటిలో తేనె పోస్తే పీల్చుకుంటుందని. ఎలుగుకి పైవరసలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే చెదల్ని గాలితో సహా లాగేస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

జనవరిలో తలుపు తీశాం. ముసలిది గడప దాకా వచ్చింది. గది ముందున్న సిమెంటు చప్టా మీద ఆరడుగులు అటు, ఆరడుగులు ఇటు. మట్టి మీద కాలు పెట్టలేదు. ఫిబ్రవరి అయిపోయింది, మార్చి వచ్చింది. అరెకరం ఖాళీ, అది మాత్రం పాత గది పొడవు లెక్కనే తిరుగుతోంది.

అప్పుడు జంతు సంక్షేమ సంఘం తరఫున ఒకావిడ వచ్చారు, కెమెరాతో. 'ఇంత డబ్బు పోసి కట్టారు, ఎలుగు బాధ మాత్రం మారలేదు, ఇది జనానికి షో' అన్నారు. నాకు ఒళ్లు మండింది. దీని పళ్లు విరగ్గొట్టింది మేం కాదమ్మా, దీనికి రోజూ తినిపించేది మేం అని గట్టిగానే అరిచాను. ఆవిడ అరవలేదు. 'రోజులో ఎంతసేపు ఇలా తిరుగుతోంది? ఏ వేళలో ఎక్కువ? రాసి పెట్టారా?' అని అడిగారు. రాయలేదు. ఎంత పెట్టామో రాసే రిజిస్టరు ఉంది, ఎంత తిందో రాసే రిజిస్టరు ఉంది, అది రోజంతా ఏం చేస్తోందో రాసే పుస్తకం లేదు. ఇంకోటి అడిగారు. 'సాయంత్రం అయిదు నుంచి పొద్దున్న తొమ్మిది దాకా ఇది ఎక్కడ ఉంటుంది?'

మాస్టారూ, జూల మీద నేను విన్న విమర్శల్లో దీనికన్నా బరువైనది ఇంకోటి లేదు. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. మీరు టికెట్ కొని చూసే చెట్లూ గుట్టలూ ఎలుగుకి పగటి పూట ఇల్లు. సాయంత్రం అయిదుకి గంట కొట్టి లోపలికి పిలిచి, తిండి పెట్టి, తాళం వేస్తారు. లోపలి గది మంచాలు రెండు పడితే ఎక్కువ. అంటే రోజులో పదహారు గంటలు దాని బతుకు ఆ గదిలోనే. పైగా మన ఎలుగు ఎక్కువగా సాయంకాలం, రాత్రి తిరిగే జంతువు. మనం దాన్ని సరిగ్గా అది లేచే వేళకి లోపల పెట్టి, పడుకోవాల్సిన ఎండవేళ బయటికి తోలి, 'చూడు, ఎంత బద్ధకమో, ఎప్పుడూ నిద్రే' అని నవ్వుతాం. ఎన్‌క్లోజర్ ఎంత పెద్దదని అందరూ అడుగుతారు, పేపర్లో కూడా అదే రాస్తారు. తలుపు ఎన్ని గంటలు తెరిచి ఉంటుందని అడిగింది నా సర్వీసులో ఆవిడ ఒక్కరే.

నేను లెక్కల పుస్తకం ఒకటి కొని రాయడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకోసారి అది ఏం చేస్తోంది, అంతే. రెండు వారాలకి కనబడింది. మూడు దాటాక తిరగడం ఎక్కువవుతోంది, అయిదు దగ్గరపడేకొద్దీ మరీ ఎక్కువ. బకెట్ కోసం ఎదురుచూస్తోంది. రోజంతటికీ జరిగే ముచ్చట ఆ ఒక్కటే మరి. అడవిలో ఎలుగు పుట్టలు తవ్వుతూ, రేగుపళ్లు, తునికిపళ్లు, ఇప్పపువ్వు ఏరుకుంటూ గంటలు గంటలు గడుపుతుంది. మేం జావ, రొట్టె, బెల్లం కలిపి బకెట్‌తో పెడితే పది నిమిషాల్లో అయిపోయేది. మిగిలిన రోజంతా ఏం చేయాలి? అందుకని వేళ మార్చాం, తిండిని మూడు నాలుగు సార్లుగా విడగొట్టి, ఒకరోజు మొద్దు కింద, ఒకరోజు ఆకుల్లో, ఒకరోజు వెదురు గొట్టంలో దాచాం. ఇంటి దగ్గర్నుంచి కొబ్బరికాయలు పట్టుకెళ్లేవాణ్ణి, పీచుతో సహా. ఒక్క కాయ ఒలుచుకోవడానికి అరగంట. నా జీవితంలో అంత ఇష్టంగా కొబ్బరి ఒలిచినవాళ్లని ఇంకెవర్నీ చూళ్లేదు. బెల్లం తగ్గించాం, అప్పటికే పళ్లు పుచ్చి ఉన్నాయి. ఆ బెల్లం ప్రేమగా పెట్టింది నేనే.

రాత్రి తలుపు తెరిచి ఉంచడానికి మాత్రం చాలా తిరగాల్సి వచ్చింది. కందకం గోడ ఎక్కడైనా కూలి ఉందా, రాత్రి కాపలా ఎవరు, ఏదైనా జరిగితే సంతకం ఎవరిది. ఆఫీసర్ల భయం నాకు తెలుసు, ఊరికే తిట్టను. 2023 నవంబరులో విశాఖ జూలో పనిలో ఉన్న కీపరు ఎలుగు దాడిలో చనిపోయాడు. బోను పనిలో ఎంత అనుభవం ఉన్నవాడికైనా చావు ఒక్క గొళ్లెం దూరమే. తలుపులు తెరిచి ఉంచాలనేవాళ్లు ఆ కుర్రాణ్ణి కూడా తలుచుకోవాలి. మొత్తానికి మా దగ్గర ఏడాది తిప్పకుండా, జూన్‌లో అనుమతి వచ్చింది.

మృగశిర వాన పడిన రాత్రి. కరెంటు స్తంభం కింద ఉసుళ్లు కుప్పలుగా రాలుతున్నాయి. నేను గొడుగేసుకుని కందకం అవతల ఉన్నాను. ముసలిది చప్టా అంచుకి వచ్చింది, ముక్కు ఎత్తింది. తడిమట్టి మీద ఒక పంజా పెట్టి తీసింది. మళ్లీ పెట్టింది. తర్వాత ఏమైందో నాకు సరిగా కనబడలేదు, వాన. ఆ పీల్చే చప్పుడు మాత్రం వినిపించింది, స్తంభం దగ్గర నుంచి. తెల్లారి చూస్తే మట్టి నిండా పంజాల గుర్తులు, ఒక వెదురు పొద మొదలంటా తవ్వేసి ఉంది. తిరగడం పూర్తిగా మానలేదు, చచ్చేదాకా మానలేదు. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. పుస్తకం రాయడం ఆపొద్దు అన్నారు.

ఇప్పుడు మీ ఊరి రెండు వర్గాల దగ్గరికి వస్తాను. జూలు మూసేయాలనేవాళ్ల చేతిలో గట్టి ఆధారమే ఉంది. 2003లో నేచర్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు రకరకాల మాంసాహార జంతువుల లెక్కలు తీసి, అడవిలో ఎక్కువ దూరం తిరిగే జాతులే బోనులో ఎక్కువ బాధపడతాయని చూపించారు. అందులో మరీ దారుణం ధ్రువపు ఎలుగు పరిస్థితి. ఇది నేను ఒప్పుకుంటాను. చూపించడం కోసమే ఎలుగుల్ని పిల్లలు పెట్టించడం అనవసరమని కూడా ఒప్పుకుంటాను. తల్లి చచ్చి దొరికిన పిల్లలు, ఊళ్ల మీద పడి పట్టుబడినవి, వాటితోనే గదులు నిండుతున్నాయి. కానీ రేపు మూసేస్తే ముసలిది ఎక్కడికి వెళ్లాలి? పాపికొండల అడవిలో ఎలుగులున్నాయి, అక్కడ వదిలేయండి అంటారు. కోరపళ్లు లేనిది, మనిషిని చూస్తే తిండికోసం ఎదురొచ్చేది, మొదటి వారంలోనే ఏదో ఒక ఏజెన్సీ ఊళ్లోకి నడిచి వస్తుంది. అప్పుడు కర్రలతో వచ్చేది వీడియో చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు కాదు, ఆ ఊరివాళ్లు.

'వేళకి తిండి, ఇంతకన్నా సుఖమేంటి' అనేవాళ్లకి నేను చెప్పేది తక్కువ. వాళ్లని ఒక లాడ్జి గదిలో పెట్టి మూడు పూటలా బిర్యానీ పంపండి. ఫోన్ తీసేసుకోండి. పది రోజుల తర్వాత మాట్లాడదాం.

పిల్లల్ని జూకి తీసుకెళ్తానన్నారు కదా. ఎలుగు కనబడలేదని విసుక్కోనివ్వకండి. దాక్కునే చోటు ఉందంటే కట్టినవాడికి బుద్ధి ఉందని అర్థం. చుట్టూ నాలుగు వైపులా జనం నిలబడేలా కట్టిన ఎన్‌క్లోజర్ మంచిది కాదు, ఎంత ఖర్చు పెట్టినా సరే. నేల మీద తవ్విన గుంటలు, గోళ్లతో చీరిన మొద్దులు ఉన్నాయా చూడండి. కీపరు కనబడితే రాత్రి తలుపు సంగతి అడగండి. ఖాళీగా ఉంటే సంతోషంగా చెబుతాడు, మమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. బిస్కెట్లు, జంతికలు విసరనివ్వకండి. జూలో జంతువుని ఏడిపించినా, తిండి పెట్టినా వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు ఉంది. రాళ్లు విసిరేవాళ్లలో పిల్లలకన్నా వాళ్ల నాన్నలే ఎక్కువ, ఇది నా అనుభవం.

విశాఖ వెళ్తే సోమవారం పెట్టుకోకండి, జూకి సెలవు. వారానికి ఒకరోజు జనాన్ని రానివ్వకూడదని నియమం, జంతువుల కోసమే. మా దగ్గర ఆ సెలవు రోజున ఎలుగులు మీ గేలరీ పక్కనే ఉన్న నేరేడు చెట్టు కింద వెల్లకిలా పడుకునేవి. మిగతా ఆరు రోజులు ఆ చెట్టు ఛాయలకి వచ్చేవి కావు.